కనిపెట్టినవాళ్లూ కాదన్నవాళ్లే

ఏటా ఏప్రిల్ నెలాఖర్లో వచ్చే ఒక శనివారం కోసం నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మూడు రోజుల తంతు. గురువారం రాత్రి మొదటి రౌండ్: దీపాలు, కొత్త సూట్లు, కమిషనర్‌తో కౌగిలింతలు, అమ్మల ఆనందబాష్పాలు. శుక్రవారం రెండు, మూడు రౌండ్లు. శనివారం నాలుగు నుంచి ఏడు దాకా గబగబా కానిచ్చేస్తారు, సంత ముగిసే వేళ మిగిలిన కూరగాయల్ని కుప్పపోసి అమ్మినట్టు. ఏడో రౌండ్‌ నడుస్తున్నప్పుడు కూడా టీవీలో పెద్దమనుషులు గురువారం నాటి హీరోల గురించే మాట్లాడుతుంటారు. ఇక్కడ ఒక కుర్రాడి జీవితం మారిపోతుంటే, అతని పేరు తెర అడుగున పట్టీలో పాకుకుంటూ వెళ్లిపోతుంది.

అది చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ అసలు మంట అది కాదు. ఆ కుర్రాడు పెద్ద ఆటగాడయ్యాక అదే పెద్దమనుషులు గొంతు సవరించుకుని, ఈ ఆణిముత్యాన్ని ఫలానా టీమ్ ఎంత చాకచక్యంగా కనిపెట్టిందో చూడండి అంటూ హరికథ ఎత్తుకుంటారు. అదీ నా మంట. ఎవరూ ఎవర్నీ కనిపెట్టలేదు. నమ్మరా? లెక్క చూపిస్తాను.

పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లీగ్‌లో 32 టీమ్‌లు. కాలేజీ ఆట ముగించుకున్న కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు అట్టడుగున మిగిలిన టీమ్‌ది మొదటి వంతు, ఛాంపియన్‌ది ఆఖరి వంతు. ఇలా ఏడు రౌండ్లు, సుమారు 260 పేర్లు. వంతుల్ని టీమ్‌లు బేరమాడి మార్చుకోవచ్చు. కుర్రాడికి మాత్రం టీమ్‌ని ఎంచుకునే వీలు లేదు. ఎవరు పిలిస్తే వాళ్ల గుమ్మం తొక్కాల్సిందే.

ఇక లెక్క. జార్జ్ కిటిల్: 2017, ఐదో రౌండ్, 146వ పేరు. తీసుకున్నది శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్. మరుసటి ఏడాదే బంతి పట్టుకుని 1,377 గజాలు సాధించాడు. ఒక సీజన్‌లో అప్పటిదాకా టైట్ ఎండ్ అనే స్థానంలో ఆడినవాడెవడూ అందుకోని అంకె అది. మరి ఆ టీమ్ అతనికంటే ముందు ఎంతమందిని తీసుకుంది? ఐదుగురిని. ఐదుసార్లు వంతు వచ్చింది, ఐదుసార్లూ కిటిల్ ఖాళీగానే ఉన్నాడు, ఐదుసార్లూ ఇంకొకరి పేరు చదివారు. విడ్డూరం ఏమిటంటే, ఆ ఐదుగురిలో ఒకడు అయోవా యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే నాయకుడు. కిటిల్‌దీ అదే యూనివర్సిటీ. ఆ క్వార్టర్‌బ్యాక్ వీడియోలు గంటల తరబడి చూసే ఉంటారు కదా! బంతి విసిరినవాడు కనిపించాడు గానీ పట్టుకున్నవాడు కనిపించలేదు.

టామ్ బ్రేడీ: 2000, ఆరో రౌండ్, 199వ పేరు. ఏడు సూపర్ బౌల్‌లు, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ ఆ ఏడాది అతనికంటే ముందు ఆరుగురిని తీసుకుంది.

నకువా: 2023, ఐదో రౌండ్, 177వ పేరు. లాస్ ఏంజెలెస్ ర్యామ్స్‌కి ఆడిన మొదటి ఏడాదే 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. లీగ్ చరిత్రలో అప్పటిదాకా తొలి ఏడాది ఆటగాడెవడూ ఆ రెండు అంకెలూ చూడలేదు. ర్యామ్స్ అతనికంటే ముందు ఏడుగురిని తీసుకుంది.

బ్రాక్ పర్డీ: 2022, ఏడో రౌండ్, 262వ పేరు. ఆ డ్రాఫ్ట్‌లో అదే ఆఖరి పేరు. మళ్లీ ఫార్టీనైనర్సే. అతనికంటే ముందు ఎనిమిదిమంది.

ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. అంకెలు ఇంత వరసగా కుదరడం కాకతాళీయమే. వాటి వెనక నడిచిన బాగోతం మాత్రం కాకతాళీయం కాదు.

ఇక్కడ ఒక తెలివైన జవాబు వస్తుందని నాకు తెలుసు. మిగతావాళ్లెవరూ అతన్ని తీసుకోరని మాకు తెలుసు, అందుకే ఆగాం, అంటారు. అయ్యా, ఇంట్లో లంకెబిందెలున్నాయని తెలిసినవాడు తలుపులు బార్లా తీసిపెట్టి ఊరికెళ్తాడా? ఏడు ట్రోఫీలు గెలిచే మనిషని నిజంగా తెలిసి ఉంటే, ముప్పై ఒక్క టీమ్‌ల కళ్ల ముందు రెండు రోజులపాటు అతన్ని అలా వదిలేస్తారా? తెలియదు కాబట్టి వదిలేశారు. తెలియకపోవడం నేరం కాదు. తెలియక చేసిన పనిని తర్వాత తెలివిగా అమ్ముకోవడమే నాకు గిట్టదు.

తీసుకున్నాకైనా నమ్మారా? అదీ లేదు. 2001 మార్చిలో పేట్రియాట్స్ తమ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్‌సోతో పదేళ్లకి 10 కోట్ల 30 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకుంది. అప్పటికి బ్రేడీ బెంచీ మీద ఏడాది కాలక్షేపం చేశాడు. ఆ సెప్టెంబర్‌లో బ్లెడ్‌సోకి ఛాతీలో రక్తనాళం తెగేంత దెబ్బ తగిలింది కాబట్టి బ్రేడీకి బంతి దొరికింది. 2022లో ఫార్టీనైనర్స్ మొదటి క్వార్టర్‌బ్యాక్‌కి చీలమండ విరిగింది, రెండోవాడికి పాదం విరిగింది, అప్పుడు మూడోవాడు పర్డీకి పిలుపొచ్చింది. అయోవాలో సూపర్ మార్కెట్ అరల్లో రాత్రిళ్లు సరుకులు సర్దిన కర్ట్ వార్నర్‌నైతే డ్రాఫ్ట్‌లో ఏ టీమూ పిలవనే లేదు. 1999లో సెయింట్ లూయిస్ ర్యామ్స్ క్వార్టర్‌బ్యాక్‌ మోకాలు పోయాక మైదానంలోకి దిగి, ఆ సీజన్‌కే సూపర్ బౌల్ గెలిపించాడు. ఈ ముగ్గురికీ అవకాశం ఇచ్చింది కోచ్ కన్ను కాదు, ఇంకొకడి గాయం. ఆ రోజు ఆ దెబ్బలు తగలకపోయి ఉంటే మనకి ఈ పేర్లు తెలిసేవా? అలా ఎవరి మోకాలూ విరగక, బెంచీ మీదే వయసైపోయి, ఇంటికెళ్లిపోయినవాళ్ల పేర్లు ఎవరు చెబుతారు?

ఇంకో మాట నన్ను ఎప్పుడూ కుడుతుంటుంది. ఆలస్యపు రౌండ్లలో దొరికిన మంచి ఆటగాణ్ణి అక్కడి వ్యాఖ్యాతలు మురిపెంగా ‘స్టీల్’ అంటారు. దొంగసొత్తు అన్నమాట. నోరు జారి నిజం చెబుతున్నారు. దొంగతనమే. సొత్తు ఎవరిదో మాత్రం చెప్పరు. 2023లో పర్డీ జీతం 8 లక్షల 70 వేల డాలర్లు. ఆ ఏడాది 4,280 గజాలు విసిరి ఫార్టీనైనర్స్ జట్టు రికార్డు బద్దలుకొట్టాడు, టీమ్‌ని సూపర్ బౌల్‌ దాకా తీసుకెళ్లాడు. అదే ఏడాది అతని వెనక బెంచీ మీద కూర్చున్న క్వార్టర్‌బ్యాక్ ఒప్పందం 45 లక్షల డాలర్లది. ఆడినవాడికంటే చూసినవాడికి ఐదింతలు! డ్రాఫ్ట్‌లో వచ్చినవాడు మూడు సీజన్లు పూర్తయ్యేదాకా జీతం పెంచమని మళ్లీ ఒప్పందం రాయించుకోకూడదన్నది లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన షరతు. 2025లో పర్డీకి ఐదేళ్లకి 26 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం దొరికింది, సంతోషం. కానీ ఫుట్‌బాల్‌లో మూడు సీజన్లంటే చాలామందికి ఆయుష్షంతా. మోకాలు మూడో ఏడు దాకా ఆగుతుందని హామీ ఎవరిస్తారు?

ఇదే ఫార్టీనైనర్స్ 2021లో మూడో వంతుకి ఎగబాకి ఒక క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకోవడానికి ఏకంగా మూడు మొదటి రౌండ్ వంతుల్ని ధారపోసింది. ట్రే లాన్స్ అనే ఆ కుర్రాడు కాలేజీలో నిండుగా ఆడింది ఒక్క సీజన్. ఫార్టీనైనర్స్‌కి నాలుగు మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. 2023లో ఒక నాలుగో రౌండ్ వంతుకి అతన్ని డల్లస్‌కి ఇచ్చేశారు. తప్పు ఆ కుర్రాడిది కాదు, గాయాలతో నలిగిపోయాడు. ఒక సీజన్ చూసి మూడు వంతులు ధారపోసిన మనుషులే, కాలేజీలో నాలుగేళ్లు ఆడిన పర్డీకి మాత్రం ఆఖరి చీటీ ఇచ్చారు. ఇందులో ఎక్కడుంది శాస్త్రం?

అప్పుడు ఎవరికి మాత్రం తెలుసు అంటారు. తెలుసుకోవాలనుకుంటే ఆధారాలు ఫ్లడ్‌లైట్ల కిందే ఉన్నాయి. 2000 జనవరి 1న ఆరెంజ్ బౌల్ అనే కాలేజీ మ్యాచ్‌లో మిషిగన్ టీమ్ రెండుసార్లు 14 పాయింట్లు వెనకపడింది. రెండుసార్లూ బ్రేడీ లాక్కొచ్చాడు. 369 గజాలు, నాలుగు టచ్‌డౌన్‌లు. ఓవర్‌టైమ్‌లో అలబామా మీద 35-34తో గెలుపు. దేశమంతా టీవీలో చూసింది. మూడున్నర నెలల తర్వాత డ్రాఫ్ట్‌లో అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు చదివారు. అతను పుట్టిపెరిగిన శాన్ మెటేయో ఊరికి కూతవేటు దూరంలోని ఫార్టీనైనర్స్ 65వ వంతులో జియోవానీ కార్మాజీని తీసుకుంది. కార్మాజీ లీగ్‌లో ఒక్క సీజన్ మ్యాచ్ కూడా ఆడలేదు. పర్డీ సంగతీ అంతే. 2021 జనవరిలో ఫియెస్టా బౌల్‌లో ఒరెగాన్‌ని ఓడించిన అయోవా స్టేట్‌కి క్వార్టర్‌బ్యాక్ అతనే.

మరి కళ్లు ఎక్కడున్నాయి? స్టాప్‌వాచ్ మీద. ఏటా ఇండియానాపోలిస్‌లో కంబైన్ అని ఒక పరీక్ష పెడతారు. కుర్రాళ్లకి నిక్కర్లు తొడిగించి 40 గజాలు పరుగెత్తిస్తారు, 102 కిలోల బరువు ఎన్నిసార్లు ఎత్తుతాడో లెక్కపెడతారు, ఎంతెత్తు ఎగురుతాడో గీత గీస్తారు, అరచెయ్యి కొలుస్తారు. బ్రేడీ ఆ 40 గజాలకి 5.28 సెకన్లు తీసుకున్నాడు. నత్తనడకే, ఒప్పుకుంటాను. కానీ క్వార్టర్‌బ్యాక్ పని పరుగు పందెమా? 120 కిలోల మనుషులు మీద పడబోతుంటే రెండున్నర సెకన్లలో మైదానమంతా చదివి, ఎవరు ఎక్కడికి చేరబోతున్నారో ఊహించి, అక్కడికి బంతి పంపడం. ఆ చదువుని కొలిచే టేపు లేదు. టేపు లేదు కాబట్టి ఆ గుణమే లేనట్టు లెక్క. ర్యాంకుల ప్రకటనలు చెవుల్లో మోగుతుండగా పెరిగిన తెలుగువాళ్లకి ఈ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా నా కడుపుమంట మాత్రమే అనుకుంటే, ఆర్థికశాస్త్రంలో 2017 నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్‌ని అడగండి. కేడ్ మాసీతో కలిసి ఆయన 2013లో అచ్చేసిన పరిశోధన ఈ డ్రాఫ్ట్ మీదే. ఒకే స్థానంలో ఆడే ఇద్దరు వెంటవెంటనే ఎంపికైతే, ముందు ఎంపికైనవాడే తర్వాతివాడికంటే మెరుగ్గా తేలే అవకాశం ఎంతో లెక్కగట్టారు. 52 శాతం! నాణెం ఎగరేస్తే 50. ఈ మిగతా రెండు శాతం కోసమే ఆటగాళ్లని వెతికే ఇంతమంది స్కౌట్లు, ఇన్ని విమానాలు, ఇన్ని వేల గంటల వీడియోలు. పైగా ముందు వంతుల కోసం టీమ్‌లు పోసే ధర వాటి అసలు విలువకంటే చాలా ఎక్కువని కూడా వాళ్లు తేల్చారు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. మొత్తంగా చూస్తే మొదటి రౌండ్ ఆటగాళ్లే ఏడో రౌండ్ వాళ్లకంటే ఎక్కువమంది నిలబడతారు. ఆలస్యపు రౌండ్లలో వచ్చినవాళ్లలో చాలామంది కొద్దికాలంలోనే వెళ్లిపోతారు. ఇది నిజం. కానీ ఆ నిజంలో ఆట పాలెంత, అవకాశం పాలెంత? మొదటి రౌండ్ కుర్రాడు మూడు మ్యాచ్‌లు పాడుచేస్తే, నేర్చుకుంటున్నాడులే అంటారు. అతని మీద కోట్లు పోశారు. అతన్ని తీసేస్తే ఎంచుకున్నవాడి కుర్చీ కదులుతుంది. ఏడో రౌండ్ కుర్రాడు సన్నాహక మ్యాచ్‌లో ఒక్క బంతి జారవిడిస్తే, 90 మందిని 53కి కుదించే రోజున లాకర్ ఖాళీ చేసుకుంటాడు. బాస్కెట్‌బాల్‌లో దీన్ని కొలిచారు. 1995లో బ్యారీ స్టా, హా హోయాంగ్ అనే పరిశోధకులు చూపించింది ఇదే: ఆటతీరు సమానంగా ఉన్నా, డ్రాఫ్ట్‌లో ముందొచ్చినవాడికే ఎక్కువ సమయం ఆడే వీలు దొరుకుతోంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాలుగో కాలు కనబడితే ఉద్యోగం పోతుంది మరి.

ఇంతవరకూ చూసి కూడా గుర్తించలేని చూపు సంగతి. అసలు చూడనే చూడని చూపు ఇంకొకటుంది. 1978 జనవరిలో రోజ్ బౌల్‌లో మేటి ఆటగాడిగా నిలిచిన వారెన్ మూన్‌ని ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఏ టీమూ పిలవలేదు. నల్లజాతి కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరాడన్నది ఆనాటి పెద్దల అభిప్రాయం, వేరే స్థానానికి మారితే చూద్దామన్నారు. అతను మారలేదు. కెనడా వెళ్లి ఎడ్మంటన్‌కి అక్కడి లీగ్ ట్రోఫీ గ్రే కప్‌ని వరసగా ఐదుసార్లు గెలిపించి, ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగుపెట్టి, 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చున్నాడు.

నేను తల వంచే స్కౌట్ ఒకాయన ఉన్నాడు. బిల్ నన్. నల్లజాతివారి పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్‌లో క్రీడా విలేకరి. మిగతా స్కౌట్లు గడప తొక్కని నల్లజాతి కాలేజీల ఆటని ఏళ్ల తరబడి చూసి రాసినవాడు. ఆ చూపుని పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అరువు తెచ్చుకుంది. అలబామా ఏ అండ్ ఎం కాలేజీలో జాన్ స్టాల్‌వర్త్ తడిసిన ట్రాక్ మీద నెమ్మదిగా పరుగెత్తాడు. గడియారం చూసుకుని మిగతా స్కౌట్లు బండెక్కారు. నన్ మాత్రం ఒంట్లో బాలేదని చెప్పి ఆ ఊళ్లోనే ఉండిపోయి, మర్నాడు ఆరిన నేల మీద మళ్లీ పరుగెత్తించి చూశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1974లో స్టాల్‌వర్త్ నాలుగో రౌండ్‌లో స్టీలర్స్‌కి వచ్చాడు. సౌత్ కరోలినా స్టేట్ నుంచి డానీ షెల్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ అడగలేదు, అతన్నీ తెచ్చుకున్నారు. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరారు. ఆ టీమ్ ఆరేళ్లలో నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచింది. నన్ దగ్గర మంత్రం లేదు. ఇంకొక రోజు ఉండి చూశాడు, అంతే.

2021లో నన్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది. అదే 2021 డ్రాఫ్ట్‌లో 259 పేర్లు చదివారు. నల్లజాతి కాలేజీల నుంచి ఎంతమంది? సున్నా. కోవిడ్ వల్ల వాళ్ల సీజన్ ఆగిపోయింది, ఏం చేస్తాం అన్నారు. అంతకు ముందు రెండేళ్ల వీడియోలు కూడా కోవిడ్ తినేసిందా? దండ నన్ మెడలో వేశారు, ఆయన చూపుని చెత్తబుట్టలో వేశారు.

ఇక అన్నిటికంటే నీచమైన ముచ్చట. డ్రాఫ్ట్‌లో ఆఖరి పేరుకి మిస్టర్ ఇర్రెలవెంట్ అని బిరుదు. లెక్కలోకి రానివాడు అని. 1976లో పాల్ సలాటా అనే మాజీ ఆటగాడు సరదాగా మొదలెట్టాడు. కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌కి పిలిచి విందులు చేస్తారు, బంతి జారవిడుస్తున్న ఆటగాడి బొమ్మని బహుమతిగా చేతిలో పెడతారు. సలాటా మనసులో చెడు లేదని, ఆఖరివాణ్ణి కూడా పండగలో కలుపుకోవాలనే ఆయన ఉద్దేశమని నేనూ నమ్ముతాను. కానీ దేశంలోని వేలాది కాలేజీ ఆటగాళ్లలో 262వ వాడిగా నిలిచినవాణ్ణి పిలిచి, లెక్కలోకి రానివాడా అంటుంటే నవ్వే లీగ్, మొదటి వంతులో తెచ్చుకున్నవాడు తుస్సుమన్నప్పుడు ఆ ఎంపిక చేసిన జనరల్ మేనేజర్‌కి ఏం బిరుదిస్తోంది? అతని చేతిలో ఏ బొమ్మ పెడుతోంది?

ఆ అవమానమే వాళ్లలో కసి పెంచింది, అందుకే అంతవాళ్లయ్యారు అనే వేదాంతం ఇంకా ఘోరం. డెట్రాయిట్ టీమ్‌లో బంతి అందుకునే రిసీవర్ అమోన్-రా సెయింట్ బ్రౌన్ 2021లో నాలుగో రౌండ్‌లో వచ్చాడు. తనకంటే ముందు ఎంపికైన పదహారుమంది రిసీవర్ల పేర్లూ కంఠతా చెబుతాడు. వినడానికి బాగుంటుంది. కానీ గాయపరిచినవాడు వచ్చి, నీ మచ్చ నా చలవే అంటే ఒప్పుకుంటామా? కసితో ఎదిగినవాడి కథ మనకి తెలుస్తుంది. అదే అవమానంతో కుంగిపోయి ఆట మానేసినవాడి మీద డాక్యుమెంటరీ ఎవరూ తియ్యరు.

కాబట్టి శనివారం నేను ఎవరి కోసం చూస్తానో చెబుతాను. మూడు నాలుగేళ్లు ఒకే కాలేజీకి ఆడి, ఓడిన మ్యాచ్‌ల్లో కూడా తల వేలాడెయ్యని క్వార్టర్‌బ్యాక్ కోసం. కాలేజీ మొత్తంలో 48 క్యాచ్‌లే పట్టిన కిటిల్‌లా, టీమ్ బంతి విసరకపోవడం వల్ల అంకెలు లేనివాడి కోసం. కెంట్ స్టేట్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, 2009లో 232వ పేరుగా వచ్చి, రిసీవర్‌గా మారి, చివరికి సూపర్ బౌల్‌లో మేటి ఆటగాడైన జూలియన్ ఎడెల్‌మన్‌లా ఎక్కడ ఆడించాలో పెద్దలకి అర్థంకానివాడి కోసం. స్కౌట్ల కారు ఆగని ఊళ్ల నుంచి వచ్చినవాడి కోసం. వీళ్లలో చాలామంది నిలబడరు, నాకూ తెలుసు. నాణెం బొరుసు పడితే నాణేన్ని తిట్టను. ఎగరేసింది నాణెమని ఒప్పుకోమంటున్నాను, అంతే.

వచ్చే ఏప్రిల్‌లో కూడా పెన్సిలూ కాగితమూ పట్టుకుని కూర్చుంటాను. 32 టీమ్‌ల పేర్లు రాసి, వంతు వచ్చిన ప్రతిసారీ పక్కన ఒక గీత గీస్తాను. కాగితం దాచిపెడతాను. నాలుగేళ్ల తర్వాత ఎవరో ఒక జనరల్ మేనేజర్ మైకు ముందుకొచ్చి, మేం మొదటి నుంచీ ఆ కుర్రాణ్ణి నమ్మాం అంటాడు. అప్పుడు ఆ కాగితం తీసి, కుర్రాడి పేరుకి ముందున్న గీతలు లెక్కపెడతాను.